రాలా

కావలి ట్రంకు రోడ్డులో, జిరాక్సు మిషను వెనక
నా సిస్టం.
కరెంటు పోయే లోపల
ప్రతి పుస్తకానికీ ముందు మర్యాదలు రాసుకుంటా:
అంచు ఎంత, అచ్చు ఎంత,
అధ్యాయం కుడి పేజీలోనే మొదలవ్వాలా, వద్దా.

"వరసల మధ్య ఊపిరి పెట్టబ్బయా" అనేవాడు కాలేషా,
సీసపు అక్షరాలు ఏరి ఏరి
వేళ్ల కొసలు నల్లబడిన మనిషి.
"ఇంగ్లీషు కాదిది.
పై వరస వత్తు జారి
కింది వరస గుడి మీద కాలు పెడతది."
అందుకే అక్షరం పన్నెండయితే ఎడం పంతొమ్మిది.
ఆ స్టైల్ ఫైలు పేరు కాలేషా.
ఆయన చూడలేదు. చూసుంటే
ఇరవై చెయ్యమనేవాడు.

ఇప్పుడు చేస్తున్నది పట్టపుపాలెం వాళ్ల పుస్తకం.
తుఫాను ఏడు వేటకు పోయినోళ్ల కథలు,
పడవ పేరు, ఒడ్డున నిలబడి చూసినోళ్ల పేరు.
కొమారి ఆదెమ్మ తెచ్చిన నోటుపుస్తకాలు రెండు,
ఉప్పుగాలికి పేజీలు అతుక్కుపోయి.

నలభై మూడు పేర్లు.
నలభై మూడు సార్లు చేత్తో దిద్దడం కూలిపని,
ఒక మాక్రో రాసుకున్నా.
పేరు అందిస్తే చాలు,
ముందు కీ.శే. తనే వేస్తుంది,
చుట్టూ నల్లగీత తనే గీస్తుంది.

ప్రూఫు మీద ఆదెమ్మ వేలు ఆగింది.
"ఇదేంది సామీ?"
"చనిపోయినోళ్లకి గుర్తు."
"ఎవురు చెప్పారు నీకు?
రాలా. అంతే."

ఫ్యాను తిరుగుతానే ఉంది.
ఫైలు తెరిచి మాక్రోకి కొత్త పేరు పెట్టా,
వెనక్కి వాలిన గీత, పక్కన రాలా.
కీ.శే. కొట్టేశా. గీత కొట్టేశా.
పేరు ఎంత పొడుగో
పేరు తర్వాత అంత ఖాళీ.
మార్చింది ఒక్క వరస.
రెండుసార్లు నడిపించా,
మొదటిసారికి పేజీ నంబర్లు కుదురుకోవు.
రెండోసారికి
నలభై మూడు నల్లపెట్టెలు
ఒక్కసారే తెరుచుకున్నాయి.
పుస్తకం ఒక పేజీ పెరిగింది.
"పెరగనీ," అంది.

మళ్లీ మొదట్నించీ చూసుకుంటా వచ్చి
నూట పదహారో పేజీ కాడ:
"మా తిరుపాలుకి చోటు లేదే?"
నిజమే. ఆ పేరు వరస చివర పడింది.
వరస చివరి ఖాళీని సిస్టం లెక్కలోకి తీసుకోదు,
మింగేసి కింది వరసకి పోతుంది.
దానికీ మందుంది.
ఖాళీ పెట్టే ఆజ్ఞ పక్కన
ఒక గుర్తు. అచ్చులో కనపడదు,
ఫైల్లోనే ఉంటుంది.

పెట్టా.
ఆదెమ్మ కళ్లద్దాలు ఎత్తి
స్క్రీనుకి దగ్గరగా వంగింది.

"చుక్కా?"