ఐదో రొయ్య

ఏరియేటరు చప్పుడికి అలవాటుపడ్డ చెవులు
అది ఆగితేనే ఉలిక్కిపడతాయి.
రాత్రి పదకొండు. ఊటుకూరు కట్ట మీద రేకుల షెడ్డు.
మేత బస్తాల మీద బోర్లా పడుకొని
మా కామాచ్చి లెక్క చేస్తా ఉండాది, పైకి చదువుకుంటా.
నోటికి రాంది చేతికి రాదంట.

పుస్తకంలో ఎవురో ఐదుగురు పిలకాయల మార్కులు.
"వాళ్ల మార్కులు నాకెందుకు నాయనా,
మన రొయ్యలు పెట్టుకుంటా" అనింది.
పొద్దున నేను కాటా వేసి
బీడీ కట్ట కాయితం మీద గీకిన అంకెలు:
పద్నాలుగు, పదిహేడు, పద్దెనిమిది,
మళ్లీ పద్దెనిమిది, ఇరవైమూడు.
అన్నీ గ్రాములు.

మొదట కలుపు. తొంభై.
ఐదుకు పంచు. పద్దెనిమిది.
ఇంతవరకు నాకూ వచ్చు,
ఏడో తరగతి దాకా నేనూ పంచినోణ్ణే.

తర్వాత ఒక్కోదాన్నీ ఆ పద్దెనిమిది పక్కన నిలబెట్టాల.
నాలుగు తక్కువ. ఒకటి తక్కువ.
రెండు సరిసమానం.
ఐదు ఎక్కువ.
అన్నీ కలిపితే ఏమీ మిగల్లా.
"తప్పు పోయింది బిడ్డా, ఇంత తేడా పెట్టుకొని సున్నా ఎట్టొస్తది?"
"ఎన్నిసార్లు చేసినా సున్నానే నాయనా,
ఎక్కువా తక్కువా కొట్టేసుకుంటాయి.
అందుకే స్క్వేర్ చేసేది."

పదహారు, ఒకటి, ఇరవై ఐదు.
నలభై రెండు.
మైనస్ గుర్తు యాడికో పోయింది,
నా బాకీల పుస్తకంలో
ఒక్క ఏడూ పోని గుర్తు.

ఇప్పుడు ఐదుకు పంచాల గదా,
ఇది నాలుగుకు పంచింది. పట్టేశా.
పెన్ను మూత కొరికింది. సారు అట్నే చెప్పాడంది.
కొట్టేసింది, మళ్లీ రాసింది,
కాసేపు బల్లి వైపు చూసింది.
ఉన్నట్టుండి చివరి అంకె మీద అరచెయ్యి పెట్టి
"నాలుగు కనిపిస్తుండాయి, సగటు పద్దెనిమిది.
చేతికింద ఎంతుందో చెప్పు."
వేళ్ల మీద కూడుకున్నా. అరవై ఏడు. తొంభైలో తీసేస్తే
"ఇరవైమూడు."
"చూశా? కాటా కూడా వెయ్యకుండా చెప్పేశావు.
నాలుగూ ఎట్టన్నా ఉండొచ్చు నాయనా.
ఐదోదానికి ఆ వీల్లేదు,
మిగిలిందంతా అదే సర్దాల."

ఇంట్లో మేం ఐదుగురం.
నేనేం మాట్లాడలా.

పదిన్నర. దానికి మూలం
మూడుకు పైన, మూడుంపావుకు కాస్త కింద.
జవాబు కింద రెండు గీతలు కొట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.
వెయ్యిని పద్దెనిమిదికి పంచమన్నా.
యాభై ఐదున్నర.
ఏజెంటు మాల్యాద్రి అరవై కౌంటని
కేజీకి ముప్పై రూపాయలు కోస్తానన్నాడు నిన్న!
ఫోను కోసం జేబు తడుముకుంటా ఉంటే
"వల యాడేశావు నాయనా?" అనింది.
చెక్‌ట్రే పక్కన.
ఇంకేమీ అనలా అది. పెన్నుకు మూత పెట్టింది.

మేతకి బలమైనయ్యే ముందొస్తాయి.
దానికి ఆరేళ్లప్పుడు ఈ కట్ట మీదే
నేనే చెప్పిన మాట.

"లెక్క కరెక్టే. చెరువే కాదు ఇది, తట్ట."

తెల్లారుజామున నాలుగు మూలలా వేశాం,
నడుమ కూడా, చీకటి మందంగా ఉన్న చోట.
ముప్పై కావాలంది.
అది సెల్లు లైటు పట్టుకొని రాస్తా ఉండాది,
నేను ఒక్కోటీ కాటా మీద పెడతా ఉండా.
పందొమ్మిది. పదహారు. పదిహేడు.

ఇరవై ఆరోది, పీలగా ఉండాది,
వేళ్ల సందులోంచి జారబోయింది.
ఊరికే వేళ్లు వదులు చేస్తే చాలు, నీళ్లలో పడేది.
దాని తల పుస్తకంలోనే ఉంది.

"పదకొండు" అన్నా,
గట్టిగా,
ఏరియేటరు చప్పుడులో వినపడాల గదా.