గోడ మీద గీత

నలభై రెండు వేలన్నాడు ఏళుమలై,
హాలు ఒక్కదానికే, పుట్టీతో కలిపి.
గోడను గోటితో గీకి, రాలిన పొడిని ఊది,
మూతి విరిచి, టీ తాగి వెళ్ళిపోయాడు.

దామోదరం పాస్‌బుక్కు తీశాడు.
నేను పైకి చూశాను.
ముందు ఫ్యాను తుడుద్దాం, అన్నాను.

అలా మొదలైంది మా ముడిచ్చూర్ ఇంట్లో శనివారం.

రెక్కకి పాత దిండుగలీబు తొడిగి లాగితే
మూడేళ్ళ దుమ్ము గలీబులోనే పడుతుందని
చెప్పింది పక్కింటి సెల్వరాణక్క,
మా గేటు పట్టుకుని, "ఇల్లు మారుతున్నారా?" అని అడుగుతూనే.
లేదక్కా, సోఫా మారుతోంది. అంతే.

మెరూన్ కర్టెన్లు దించాం.
వాటి వెనక కిటికీ ఉందని మాకు తెలుసు.
వేపకొమ్మ ఒకటి అద్దం దాకా వచ్చేసిందని
తెలియదు.
వాటి బదులు కట్టడానికి
మడతల దగ్గర చిట్లిన నా వెంకటగిరి చీర తీశాను.
కత్తెర రెండుసార్లు చేతిలోకి తీసుకుని రెండుసార్లు పెట్టేశాను.
మూడోసారి నిహిర అంచు బిగించి పట్టుకుని
"కానీ అమ్మా" అంది, పురుడు పోసేదానిలా.
జరీ సగం పోయింది, నిజమే.
అయినా పదకొండింటి ఎండ దాంట్లోంచి వచ్చి
గచ్చు మీద పడితే
మా గచ్చు నలుపు కాదనీ
ముదురు ఆకుపచ్చ అనీ ఆ పూట తెలిసింది.

నిన్న పల్లావరం శుక్రవారం సంతలో
ఇత్తడి మెడ దీపం ఒకటి, బేరమాడి మూడొందల యాభైకి తెచ్చాను.
అయిదొందలన్నవాడు నా చెప్పులు చూసి తగ్గాడు.
దాన్ని మూల నిలబెట్టి ట్యూబులైటు ఆపాం.
ఇంతకాలం మేమంతా
ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు
ఎందుకు కూర్చున్నామో అర్థమైంది.

ఇక మిగిలింది పేము సోఫా.
పడమటి గోడకి ఆనించి పదేళ్ళు.
చెరోవైపు పట్టుకున్నాం.
జరిపాం.

గీత.

మోకాలికి జానెడు పైన,
కప్పు అడుగున ఎండిన టీ రంగులో,
ఈ చివరి నుంచి ఆ చివరికి, తాడు పట్టి గీసినట్టు.
రెండుసార్లు రంగు వేయించాం దాని మీద.
రెండుసార్లూ అడయారు వచ్చి
తన సంతకం తానే దిద్దుకుంది.

ఆ డిసెంబరు రాత్రి మేడ మీదకి మోసినవి:
గ్యాసు పొయ్యి, బియ్యం, చంటిదైన నిహిర.
కింద వదిలేసినవి: ఇస్త్రీపెట్టె, చింతపండు డబ్బా,
నా కుడికాలి చెప్పు ఒక్కటే, ఎందుకో.
మూడోనాడు దిగొచ్చేసరికి
బురదలో వేలెడు చేప, బూట్ల అరలో.
దామోదరం దాన్ని దోసిట్లో పట్టుకుని
వీధిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

"ఇక్కడేనా?" అన్నాడిప్పుడు రొప్పుతూ.
ఇంకాస్త ఇటు. కొంచెం కిటికీ వైపు తిప్పు.
ఆ, అంతే.
దింపాం. అతను నడుము పట్టుకుని
సోఫానీ, కిటికీనీ, నన్నూ చూశాడు.
"నీళ్ళు వదిలి వెళ్ళింది అచ్చం ఇక్కడే," అన్నాడు.

అవును.
తేలి తేలి, గది మధ్యకొచ్చి,
కిటికీకి ఎదురుగా ఆగి ఉంది ఆ రోజు.
మేమే ఈడ్చుకెళ్ళి గోడకి కొట్టాం, గీత కనపడకుండా.

సాయంత్రం సెల్వరాణక్క
సుండల్ గిన్నెతో వచ్చి కొత్త చోట కూర్చుంది.
చీర బాగుందంది. దీపం ఎంత అంది.
గోడ వైపు చూసి, కాసేపు ఏమీ అనలేదు.
"మాకూ ఉంది," అంది ఆఖరికి, శనగగింజ ఏరుకుంటూ,
"బీరువా వెనకాల."

నిహిర గీత పక్కనే నిలబడి
తన తొడ దగ్గర చెయ్యి పెట్టి కొలుచుకుంది.
అప్పుడు తనకి ఎక్కడి దాకా వచ్చేదని
ఎవరూ చెప్పలేదు.

మొత్తం ఖర్చు నాలుగొందల పది,
కర్టెను రింగులతో కలిపి.
ఫ్యాను మాత్రం
ఇంకా టక్కు టక్కుమంటూనే ఉంది.