నాలుగో జ్వరం

మాకళిదుర్గం కింద, పిళ్ళక్క ఇంట్లో
ఆ రాత్రికి మాకు దొరికింది
పట్టుపురుగుల గదికి ఆనుకున్న వసారా,
రెండు ఈతచాపలు, ఒక గోనెపట్టా.

"దోమలబత్తి ఎలిగించొద్దండప్పా" అంది.
"దోమ కుడితే మీకు దద్దురు.
ఆ పొగ తగిలితే నాకొక పంట."
అంతటితో ఆగక దగ్గరికొచ్చి
మా చొక్కాలు వాసన చూసింది, సెంటుందేమోనని.
సుధన్వ మొహం చూడాలి అప్పుడు!

రాగిముద్ద మింగడం రాక నమిలాం.
ఆమె తెలుగులో సగం కన్నడం, మా తెలుగులో సగం ఆఫీసు.
ఉలవచారు మాత్రం అందరికీ అర్థమైంది.

అర్ధరాత్రి వాన.
రేకు మీద కాదు, ఎక్కడో ఆకుల మీద,
సన్నగా, ఎడతెరిపి లేకుండా.
రేపు బండ జారుతుంది, ఎక్కినట్టే ఇంక, అనుకుంటూ
చూరు దాటించి చెయ్యి చాపాను.
చెయ్యి పొడిగానే తిరిగొచ్చింది.

"వాన కాదులేప్పా."
చీకట్లో పిళ్ళక్క, చంకలో మల్బరీ తట్ట.
"నాలుగో జ్వరం నించి లేచినాయి.
ఆకలి."
ఆకు పరిచి, నడుం మీద చెయ్యేసుకుని
కాసేపు వింటూ నిలబడింది.

పొద్దున కొండ ఎక్కాం.
గాలి, కింద గూడ్సు బండి, ఫొటోలు.
పెద్దగా గుర్తులేదు.

పడకకి డబ్బులొద్దంది.
ఫోన్ల చార్జింగుకి ఇరవై తీసుకుంది.

సిల్క్ బోర్డు దగ్గర ఆటో గంటసేపు కదల్లేదు.
పైన టార్పాలిన్ మీద నిజం వాన.
సుధన్వ చెవి పెట్టి విన్నాడు.
"ఎన్నో జ్వరమంటావు?" అన్నాడు.