ఒకే ప్రాస

గాజు పలక మీద గులాబీ, ఊదా.
కిటికీ అవతల మగెల్లాన్ జలసంధి,
గాలికి టకటకలాడే పడవ తాళ్లు.
పదిహేడేళ్లుగా పుంటా అరేనస్‌లో నా పని ఇదే,
గడ్డలకు పేర్లు పెట్టడం.
పురుడు లేని బారసాల.

కొవ్వులో పుడితే లిపోమా,
పీచులో పుడితే ఫైబ్రోమా,
మృదులాస్థిలో అయితే కాండ్రోమా.
పుట్టిన కణజాలమే ఇంటిపేరు.
చివరి ఓమాకు అర్థం గడ్డ, అంతే.
మంచివాళ్లు వీళ్లు.
ఉన్నచోటే లావెక్కుతారు,
పక్కవాణ్ణి జరగమంటారు గాని చొరబడరు.
పుర్రెలో మాత్రం ఆ జరగమనడమే ప్రాణం తీస్తుంది,
అందుకే మంచి అన్న మాట
నేను ఆగి ఆగి రాస్తాను.

చెడ్డవాళ్లకు వేరే వరస.
చర్మం, గ్రంథి, పేగు లోపలి పొరలో పుట్టింది కార్సినోమా.
ఎముక, కండ, కొవ్వులో పుట్టింది సార్కోమా.
తల్లి పోలిక ఒక్కటీ మిగలని కణం కనబడితే
దాని పేరు రాసి
కాసేపు పెన్ను కింద పెడతాను.

నిన్న ఎలెవుతేరియో బార్రియా వచ్చాడు.
చిలోయే దీవి మనిషి,
నలభై ఏళ్లు గొర్రెల బీళ్లకు కంచె తీగలు బిగించినవాడు.
వీపు మీద పిడికిలంత గడ్డ.
దాని భయంతో పదేళ్లుగా పక్కకు తిరిగే పడుకుంటాడట.
మడమ కింది నల్ల మచ్చ
బూటు మేకు చేసిన పనే అనుకున్నాడు.
నర్సు ఒదెట్టె మేజోళ్లు విప్పమంది గనక బయటపడింది.

రిపోర్టు తనే కూడబలుక్కుని చదివాడు,
లిపోమా. మెలనోమా.
"ప్రాస కుదిరింది డాక్టరమ్మా,
అక్కాచెల్లెళ్లా?"

ఏం చెప్పను?
పెద్దది వట్టి గొర్రె.
చిన్నది మేకవన్నె పులి.
పేరు పెట్టినవాడెవరో ఏ నిద్రమత్తులో ఉన్నాడో,
మెలనోమానూ లింఫోమానూ
మంచివాళ్ల పంక్తిలో కూర్చోబెట్టాడు.
ఓమా కాదు, ప్యూమా అనాల్సింది.

"కంచె దాటిందా?"
దాటింది.
"ఎంత దూరం?"
మిల్లీమీటరులో ఎనిమిది పదో వంతులు.

బొటనవేలి గోటి అంచు మీద
ఆ దూరం వెతుక్కున్నాడు.
"ఆ సందులో గొర్రెపిల్ల ముక్కు కూడా పట్టదే!"
ఒక్క కణం పడితే చాలు, అన్నాను.
చుట్టూ ఇంకాస్త కోసి తీస్తాం,
ఆ తర్వాత చూస్తూ ఉంటాం, ఏళ్ల తరబడి.

తల ఊపాడు.
కంచె కాసినవాడికి
చూస్తూ ఉండడం గురించి చెప్పాలా.

మేజోడు తొడుక్కుంటూ, తలుపు దగ్గర,
"అయితే ఆ వీపుది ఏమీ కాదన్నమాట.
ఇవాళ వెల్లకిలా పడుకోవచ్చా?"

పడుకోండి, అన్నాను.