ఇరవైమూడో రేకు

ఫ్లెక్సీ ఎండకి వెలిసిపోతోందని
మునిసిపాలిటీ వాళ్ళకి మళ్ళీ నేను గుర్తొచ్చాను.
నరసాపురం పార్కులో చెట్లకి పేర్లు రాయాలి.
ఇరవైరెండు రేకులు, పసుపు మీద నలుపు,
రేకుకి నూటపది.

పడవల మీద పేర్లు రాసిన చెయ్యి ఇది.
బియ్యపుతిప్ప నుంచి వేములదీవి దాకా
ఏ పేరు ఏ పడవకి తగిలించినా
సముద్రం అడ్డు చెప్పలేదు.
చెట్టుకి అలా కుదరదట.
కాలేజీలో బోటనీ చెప్పే మెహరున్నీసా మేడం
మెళ్ళో భూతద్దం వేసుకుని మరీ వచ్చారు.

మొదటి రోజే తప్పు.
గోడ వారన నిటారుగా నిలబడ్డ వాటికి
అలవాటు కొద్దీ అశోక అని రాసేశాను.
మేడం కిరసనాయిలు గుడ్డ చేతికిచ్చారు.
"నరమామిడండీ ఇది. అసలు అశోకం ఈ పార్కులోనే లేదు."
రౌండ్లు కొడుతున్న రైసుమిల్లు గుమస్తా ఆగి
"ఆయ్, మా వీధిలో అందరం అశోకే అంటామండీ" అన్నాడు.
"అందరూ కలిసి పిలిస్తే మాత్రం?" అన్నారావిడ.
తుడిచాను.
ఇప్పటికీ ఎండ ఏటవాలుగా పడితే
న కింద అ కనిపిస్తుంది.

ఆ తర్వాత చూడటం మొదలుపెట్టాను.
పొగడని తలెత్తి కాదు, తల వంచి పోల్చుకోవాలి.
గంగరావి పువ్వు పొద్దున నా డబ్బాలో పసుపు,
రాలే వేళకి రెడాక్సైడు.
పొన్న ఆకులో ఈనెలు ఎంత దగ్గర దగ్గరంటే
నా సన్న బ్రష్షు కూడా ఆ సందుల్లో పట్టదు.
నిద్రగన్నేరు సంగతి తేల్చుకుందామని
ఆరింటి దాకా సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను.
పక్కన లేసు అల్లుకుంటున్న ఇద్దరాడవాళ్ళు
"అలా చూస్తున్నావేంటి నాయనా?" అన్నారు.
"ముడుచుకుంటుందా లేదా అని."
ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని
దారపు ఉండలు తీసుకుని అవతలి బెంచీకి వెళ్ళిపోయారు.

మేకు కొట్టనివ్వలేదు మేడం.
తీగే కట్టాలి, అదీ వదులుగా.
చెట్టు లావెక్కుతుంది కదండీ, అన్నారు.

ఇరవైరెండూ అయ్యాక
తోటమాలి ఏసుపాదం మమ్మల్ని జారుడుబల్ల వెనక్కి పిలిచాడు.
పోటు వేళ ఏటి నీళ్ళు
మురుగుతూములోంచి వెనక్కి తన్నే చోట
నడుమెత్తు మొక్క.
చుట్టూ బురదలో పెన్సిళ్ళు గుచ్చినట్టు
వేళ్ళు, పైకి చూస్తూ.
"రెండుసార్లు పీకెయ్యమన్నారండీ.
కలుపులా లేదు. చేతులు రాలేదు."

మేడం భూతద్దం ముట్టుకోలేదు.
ఆకు తుంపి నాలిక మీద పెట్టుకుని
పులుసులో ఉప్పు చూసినట్టు
కళ్ళు మూసుకున్నారు.
నాకూ ఒకటిచ్చారు.

"మడ," అన్నారు. "తెల్లమడ."

మొగ దగ్గర, పడవల మీద రంగు ఆరేలోగా,
దీని నీడలోనే ఎన్నిసార్లు క్యారేజీ విప్పానో.
ఇక్కడ ఉయ్యాలల పక్కన నిలబడితే
మన వీధి మనిషి వేరే ఊరి బస్టాండులో ఎదురైనట్టు
పేరు తట్టలేదు.

"ఎవరు వేశారు దీన్ని?"
"ఎవరూ వెయ్యలేదండీ. అదే వచ్చింది."
కాసేపాగి
ఏసుపాదం కూడా ఒక ఆకు నాకి చూశాడు.
"మా బోరు నీళ్ళూ ఈ మధ్య ఇలాగే ఉంటున్నాయండీ."

లిస్టులో లేదు. బిల్లు రాదు.
డబ్బా అడుగున పసుపు కొంచెం మిగిలింది.
పాత నూనె డబ్బా కత్తిరించి, అంచులు మడిచి,
రెండక్షరాలే కదా, కాస్త పెద్దవిగా రాశాను.
తీగ కట్టేంత కాండం లేదు దానికి.
ఏసుపాదం సరుగుడు కర్ర తెచ్చి పాతాడు.
"రేకు ఎంత ఎత్తున కట్టమంటారండీ?"

నేను తూము వైపు చూశాను.