చివరి చుక్క

మాంటెవిడియోలో జూలై. చలి.
నదో సముద్రమో తేలని ఆ మట్టిరంగు నీళ్ళ మీంచి గాలి
మూసిన కిటికీల్లోంచి కూడా అడక్కుండా వస్తోంది.
హోటల్ మూడో అంతస్తులో పదకొండు మంది
రాత్రి రెండైనా నాలుగో సూత్రం దగ్గరే ఉన్నారు.

మొదటిది తేలిగ్గానే తేలింది:
వేరు ఒక్కటే. వేరు వేరుపడకూడదు.
ఒకే పేరు పెట్టి పిలిస్తే
లాగోస్‌లో ఒకరూ ఓస్లోలో ఇంకొకరూ పలికిన రోజున
ఇక పిలుపెందుకు?
రెండోది కాస్త నలిగింది:
పేర్ల చిట్టా రాసేవాడు
పేర్లకు యజమాని కాడు.
మూడోదాంట్లో "వలెను" తీసి "వచ్చును" పెట్టారు.
ఎవరు పెట్టారో మినిట్స్‌లో లేదు.

నాలుగోది ఫెతూ.
అంటే, ఆమె తెచ్చినది.
దీవిలో ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసు నడిపిన మనిషి,
మూడు విమానాలు మారి, ఎవరిదో స్వెటర్ వేసుకుని వచ్చింది.

"మా దేశానికి రెండక్షరాలిచ్చారు.
అప్పటికి మాకు కరెంటు రోజుకు నాలుగు గంటలు.
ఒకాయన వచ్చి, మేం చూసుకుంటాంలే అని
పడవకో ఇంజనూ బడికో కంప్యూటరూ ఇచ్చి
సంతకం పట్టుకెళ్ళాడు.
ఇవాళ ఆ అక్షరాల కింద
జూదాలు, చెప్పులు, ఎవరెవరి ఫోటోలో.
ఊరు మాదే.
పేరే మాది కాదు."

ఎవరూ దగ్గను కూడా లేదు.
గ్రసియేలా ఎచెవెరీ మాతే బుర్రలో వేణ్ణీళ్ళు పోసి
ఆమె చేతికిచ్చింది.
ఆ చేదు పీల్చి ఫెతూ మొహం చిట్లించింది.
రెండోసారి తనే అడిగింది.

లాయరు డీట్‌హెల్మ్ కలం తీశాడు:
"సంబంధిత సమాజాల ప్రయోజనాలను పరిగణనలోకి..."
"పరిగణన వద్దు," అందామె. "అడగండి."
"అడగడం చట్టంలో ఎలా రాస్తాం?"
"పక్కింటి నిచ్చెన కావాలంటే
ఏమంటారు మీరు?"

నాలుగుంపావుకి రాసుకున్నారు. బాగా రాలేదు.
ఐదోది రేపటికి.

ప్రతి పేరు చివరా ఒక చుక్క ఉంటుందట.
ఎవరూ రాయరు, ఉందనుకుని యంత్రాలు చదువుకుంటాయి.
దాని అవతల పేరే లేదు,
అన్ని పేర్లూ అక్కణ్ణుంచే.
గ్రసియేలా కాగితం మీద పెట్టి చూపించింది.

ఫెతూ అంటే వాళ్ళ భాషలో ఆకాశంలోది.
కాగితం మీదిదానికి వేరే మాట.
రెండూ చుక్కే అయ్యే భాష ఒకటుందని
ఆ గదిలో ఎవరికీ తెలీదు.

కిటికీలో ఒకటి మిగిలింది, రేవు దీపాల పైన.
బల్ల మీద ఇంకోటి,
మాతే ఒలికి తడిసి,
గీసినదానికంటే కొంచెం పెద్దదై.