గొంతులో కాపురం

మే నెల. బెత్‌పాక్‌దలా గడ్డిమైదానం.
మాచిపత్రి వాసన మోస్తూ పొడిపొడిగా తిరిగే గాలి
ఆ వారం తడిగుడ్డలా మెడకు చుట్టుకుంది.
ఇది మన గాలి కాదన్నాడు అమాంతాయ్.
బుల్డోజర్ ఇంకా ఆపలేదు.

ఈనడానికి వచ్చిన సైగా జింకలు,
మంచుగాలిని వెచ్చజేసి లోపలికి పంపే
ఆ వేలాడే ముక్కులతో.
పొద్దున మేసిన తల్లి మధ్యాహ్నం తూలింది.
సాయంత్రం పొట్ట ఉబ్బి పడుంది.
పిల్ల ఇంకా తాగుతోంది
చల్లారిపోతున్న పాలు.

ఒకటి కాదు. చూపు ఆనినంత మేరా.
ఎర్ర తులిప్ పూల మధ్య పాలిపోయిన వీపులు.
లెక్క రాసే కుర్రాడు
నాలుగో పేజీలో పెన్సిల్ విరిచేశాడు.

జీపు బానెట్ మీద సూక్ష్మదర్శిని పెట్టి
రైఖాన్ డాక్టరమ్మ పిలిచింది: నువ్వూ చూడు.
చూశాడు. రెండు కొసలా రంగు, నడుమ వెలితి.
పసిపాప లంగోటీకి పెట్టే పిన్నీసులు,
అంతే.

"ఎక్కణ్ణించి వచ్చింది?"
"ఎక్కణ్ణించీ రాలేదు. గొంతులోనే ఉంటుంది.
తల్లి నాకినప్పుడు అంటుకుంటుంది."
"మరి ఇన్నాళ్ళూ ఏం చేసింది?"
"ఏమీ చెయ్యలేదు."

ఆ రాత్రి నిద్ర పట్టనివ్వనిది చావులు కాదు,
ఆ చివరి మాట.

కాగితంలో ఆమె 'అవకాశవాది' అని రాసింది.
అమాంతాయ్‌కి నవ్వొచ్చింది.
పాత సామూహిక క్షేత్రంలో అలాంటి ఛైర్మన్‌ని చూశాడు.
వాడికి గొర్రెలు కావాలి, కారు కావాలి.
దీనికేం కావాలి?
ఇల్లు కూలితే కింద పడేది ఇదీ కదా.
కాస్త వేడి, కాస్త చెమ్మ,
ఎవరో తలుపు గడియ తీసినట్టుంటే
బయటికొచ్చింది. అంతే కాబోలు.
తెలీదు. రైఖాన్‌కీ పూర్తిగా తెలీదట.

గొయ్యి తవ్వాడు. ఇంకొకటి తవ్వాడు.
మూడోది తవ్వుతుంటే పార అంచున ఏదో కదిలింది.

ఇప్పుడు క్యాబిన్‌లో, తన కోటులో,
రెండు రోజుల పిల్ల.
అతని చిటికెనవేలు చప్పరిస్తోంది.
"దీని గొంతులోనూ ఉంటుందా?"
రైఖాన్ చేతి తొడుగులు విప్పుతూ తలూపింది.

అమాంతాయ్ కాసేపు తన గొంతు తడుముకున్నాడు.
తర్వాత ఫ్లాస్కు మూత తీసి,
పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మణికట్టు మీద చూసుకుని,
లోపలున్న ఇద్దరికీ పట్టాడు.